తల తుంచితే వేరుకు తెలుస్తుంది

మా తాతయ్య గోదావరి లంకలో పొగాకు వేసేవారు. వరద తీసేశాక లంక మీద మిగిలిన కొత్త ఒండ్రులో నాటిన మొక్క సంక్రాంతి ప్రాంతానికి నడుమెత్తు పెరిగి, చివర మొగ్గ కట్టడం మొదలుపెట్టేది. ఆ మొగ్గ విచ్చుకోక ముందే తాతయ్య సాలు వెంబడి నడుస్తూ, ఒక్కొక్క మొక్క తలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి విరిచేసేవారు. కొద్ది రోజులకే ఆకు చంకల్లోంచి పిలకలు లేచేవి, వాటినీ గిల్లేయాలి. సెలవులకు వెళ్లినప్పుడు ఆ పని నాకూ అప్పగించేవారు. పది మొక్కలయ్యేసరికి చేతికి జిగురు పట్టి, అది కాసేపటికి నల్లగా మారి, ఏటి ఇసుకతో ఎంత రుద్దినా వదిలేది కాదు. సాయంత్రం అన్నం కలుపుకుంటే చేదు నోటికి తగిలేది. అంత ఏపుగా ఎదిగిన మొక్కకు తల ఎందుకు తీసేయాలని అడిగితే, "తల ఉంటే ఘాటంతా పువ్వుకి పోతుందమ్మా, తీసేస్తే ఆకులోకి దిగుతుంది" అనేవారు.

ఆయన చేసిన పని సరైనదే గాని, ఘాటు వచ్చే దారి మాత్రం అది కాదు. పొగాకు ఘాటుకు మూలమైన నికోటిన్ పైనుంచి కిందికి దిగదు; వేరులో తయారై, నీటితోపాటు కాండం గుండా ఆకుకు ఎక్కుతుంది. ఈ సంగతిని రే డాసన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1942లో అంట్లు కట్టి తేల్చారు. పొగాకు వేరు మీద టమాటా కొమ్మను అంటు కడితే టమాటా ఆకులో నికోటిన్ కనిపించింది. టమాటా వేరు మీద పొగాకు కొమ్మను కడితే ఆ పొగాకు ఆకులో నికోటిన్ దాదాపు లేకుండా పోయింది. కడియంలో అంట్లు కట్టే నర్సరీవారికి చెబితే ఒక్క నిమిషంలో అర్థమయ్యే ప్రయోగం ఇది. తల విరిచినప్పుడు జరిగేది ఏమిటంటే, చిగురు నుంచి కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోను తగ్గిపోతుంది, గాయమైన చోటినుంచి జాస్మోనేట్ అనే హెచ్చరిక మొక్కంతటా పాకుతుంది, ఆ రెండు కబుర్లూ అందుకున్న వేరు ఏదో పురుగో పశువో తనను మేస్తోందనుకుని నికోటిన్ తయారీని పెంచుతుంది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడక ముందునుంచీ లంక రైతులు ఈ పని చేతితో చేస్తూనే ఉన్నారు, వేరు పేరు ఎత్తకుండా.

నేను డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతాను. గత కొన్నేళ్లుగా నా ఖాళీ సమయమంతా ఔషధ మొక్కల వేళ్లను మట్టి లేకుండా, మొక్క లేకుండా, గాజు ఫ్లాస్కులలో పెంచడానికే పోతోంది. "వేరును ఒంటరిగా పెంచితే అందులో మందు ఎక్కువ వస్తుందా?" అని అడిగేవారికి ప్రతిసారీ చెప్పే సమాధానాన్ని ఈసారి రాసి పెడదామనుకున్నాను. ఆ సమాధానం తాతయ్య తుంచిన పొగాకు తలతోనే మొదలవుతుంది కనుక ఆయన్ను ముందుగా తలచుకున్నాను.

నేను ఎంచుకున్న మొక్క చిత్రమూలం. డెల్టాలో పుట్టి పెరిగినవారు దాన్ని పాత కంచెల పక్కన, గుడి ప్రహరీల నీడన చూసే ఉంటారు. తెల్లని చిన్న పూలు, వాటి కింద జిగురు నూగుతో ఉండే రక్షక పత్రాలు; పక్కనుంచి నడిచి వెళితే కాయలు చీర అంచుకు అంటుకుని ఇంటిదాకా వస్తాయి. దాని వేరులో ప్లంబాజిన్ అనే పసుపుపచ్చని పదార్థం ఉంటుంది. వేరు నూరి చర్మం మీద పెడితే బొబ్బ లేస్తుంది. అందుకే ఆయుర్వేద వైద్యులు ఆ వేరును నేరుగా వాడకుండా ముందు సున్నపు తేటలో నానబెట్టి శుద్ధి చేస్తారు. నానబెట్టిన తేట ఎర్రబడుతుంది, ఎందుకంటే క్షారం తగిలితే ప్లంబాజిన్ ఎరుపు, ఊదా రంగులకు తిరుగుతుంది. ఈ రంగు మార్పును గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

ఈ మొక్కతో వచ్చిన చిక్కు ఏమిటంటే మందు అంతా వేరులోనే ఉండడం. ఆకు మందైతే కోసుకోవచ్చు, మళ్లీ చిగురిస్తుంది. వేరు మందైతే తవ్వాల్సిందే, తవ్వితే మొక్క పోయినట్టే. చిత్రమూలం వేరు ముదిరి కాస్త లావెక్కాలంటే ఏడాది, అంతకంటే ఎక్కువ కాలం ఆగాలి. సర్పగంధికి పట్టిన గతి ఇదే. అడవుల్లో విచ్చలవిడిగా తవ్వేయడంతో 1990లో దాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చవలసి వచ్చింది. పొలంలో సాగు చేయవచ్చు కదా అంటే, మన డెల్టా భూమి అందుకు ఒప్పుకోదు. సార్వాకు (తొలి పంటకు) కాలువలు వదిలింది మొదలు దాళ్వా (రెండో పంట) కోతల దాకా నీరు నిలిచే నేలలో అశ్వగంధ వేస్తే వేరు కుళ్లిపోతుంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసింది వరి కోసం గాని, వేరు మందుల కోసం కాదు.

ఇక వేరును ఒంటరిగా పెంచడం గురించి. ఇది కొత్త ఆలోచన కాదు. 1934లో ఫిలిప్ వైట్ టమాటా వేరు కొసను తుంచి, చక్కెరా లవణాలూ కలిపిన ద్రవంలో వేసి, పెరిగిన దాన్ని మళ్లీ తుంచి కొత్త ద్రవంలోకి మార్చుతూ, అలా ఎంతకాలమైనా పెంచవచ్చని చూపించారు. అయితే మామూలు వేళ్లు ఫ్లాస్కులో చాలా నెమ్మదిగా పెరుగుతాయి, చాలా మొక్కల వేళ్లు హార్మోన్లు పోస్తే తప్ప కదలవు. ఆ హార్మోన్ల మోతాదు కాస్త అటూ ఇటూ అయితే వేరు తన రూపం వదిలేసి ముద్దగా మారుతుంది, ముద్దగా మారితే మందు తయారీ పడిపోతుంది. ఈ చిక్కుకు విరుగుడు ఒక మొక్క జబ్బునుంచి దొరికింది.

నేలలో ఉండే ఆగ్రోబ్యాక్టీరియం రైజోజెనిస్ అనే బ్యాక్టీరియా గాయమైన మొక్కలోకి చొరబడి, తన దగ్గరున్న ఆర్ఐ ప్లాస్మిడ్ అనే డీఎన్ఏ వలయంలోంచి ఒక ముక్కను మొక్క కణంలోని డీఎన్ఏకు అతికిస్తుంది. ఇలా అతుకుతుందని 1982లో మేరీ డెల్ చిల్టన్ బృందం నిరూపించింది. ఆ ముక్కలోని రోల్ జన్యువులు, వాటిలో ముఖ్యంగా రోల్-బి, అందుకున్న కణం వేరుగా మారిపోతుంది. ఒక వేరు కాదు, వెంట్రుకల్లా సన్నని వేళ్ల కుచ్చు. అదే ముక్కలో ఓపైన్లు అనే పదార్థాలు తయారు చేసే జన్యువులు కూడా ఉంటాయి. వాటిని తిని బతికేది ముఖ్యంగా ఆ బ్యాక్టీరియానే. అంటే ఆ సూక్ష్మజీవి మొక్క చేత తన వంట తాను వండించుకుంటోంది. యాపిల్ తోటల్లో ఇది రోగం. ప్రయోగశాలలో మాత్రం వరం, ఎందుకంటే ఆ వేళ్లకు హార్మోను పోయనక్కర్లేదు, త్వరగా పెరుగుతాయి, విపరీతంగా కొమ్మలు వేస్తాయి, ఏళ్ల తరబడి మార్చి మార్చి పెంచినా తమ స్వభావం సాధారణంగా చెడగొట్టుకోవు. అన్నిటికంటే ముఖ్యం, ముద్దలా మారక నిజమైన వేరులాగే ఉంటాయి కనుక వేరు చేయవలసిన రసాయనం చేస్తూనే ఉంటాయి.

చేసే విధానం చెబుతాను, ఎందుకంటే వినడానికి ఉన్నంత వింత చేయడంలో ఉండదు. ముందుగా గింజలను శుభ్రపరిచి గాజు సీసాలోనే మొలిపించాలి. బయటి మొక్క ఆకు తెస్తే దాని మీది బూజు మనకంటే ముందు పోషక ద్రవాన్ని తినేస్తుంది. వర్షాకాలంలో మా ప్రాంతపు గాలిలో ఉండే చెమ్మకు ఆ బూజు బెడద మరీ ఎక్కువ. లేత ఆకును మధ్య ఈనె అడ్డంగా తెగేలా బ్లేడుతో ముక్కలు చేసి, రాత్రంతా పెరిగిన బ్యాక్టీరియా ద్రవంలో కొద్ది నిమిషాలు ముంచి, అద్దుడు కాగితం మీద ఆరబెట్టి, రెండు రోజులు చీకట్లో ఉంచాలి. తరువాత బ్యాక్టీరియాను చంపాలి. అందుకు వాడే సెఫోటాక్సిమ్ మందుల దుకాణంలో దొరికే ఇంజెక్షన్ మందే; లీటరుకు 250 నుంచి 500 మిల్లీగ్రాములు. ఇక ఎదురు చూడడమే. రెండు మూడు వారాలు ఏమీ జరగదు. తరువాత ఒక ఉదయం తెగిన ఈనె అంచున, దారప్పోగు కొస నలిగి విడినట్టు, తెల్లని నూగు కనబడుతుంది. మామూలు వేరు భూమి వైపు వంగుతుంది. ఇది ఎటు పడితే అటు, అడ్డంగా, ఒక్కోసారి పైకి కూడా పోతుంది. దాన్ని చూసిన మొదటిరోజు మా విద్యార్థిని ఒకమ్మాయి "మేడమ్, దీనికి దిక్కు తెలీదాండీ?" అంది. అంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు.

ఆ నూగు సెంటీమీటరు రెండు సెంటీమీటర్లు పెరిగాక ఒక్కొక్క వేరునూ విడిగా తుంచి, విడిగా పెంచాలి. ఇక్కడే దిగుబడి పెంచడంలో మొదటి మెట్టు ఉంది, కాని కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు దాన్ని దాటేసి, వేరును రెచ్చగొట్టే రసాయనాలు వేయడానికి పరుగెత్తుతారు. బ్యాక్టీరియా తన ముక్కను ఒక్కో కణంలో ఒక్కో చోట అతికిస్తుంది, కొన్నింటిలో ఒకటికి రెండు ముక్కలు పడతాయి. అందుచేత ఒకే ఆకు మీద పక్కపక్కన పుట్టిన రెండు వేళ్లు కూడా అన్నదమ్ములే గాని కవలలు కావు. ఒకటి గబగబా పెరిగి మందు తక్కువ చేస్తుంది, ఇంకొకటి సోమరిగా ఉండి ఎక్కువ చేస్తుంది, అరుదుగా ఒకటి రెండూ చేస్తుంది. కడియపులంక నర్సరీలలో తల్లి చెట్టును ఎంచుకోవడానికి పెట్టే శ్రద్ధ ఎంతో, ఇక్కడా అంత పెట్టాలి. పదుల కొద్దీ వేళ్లను పెంచి, కొలిచి, పనికిరానివాటిని పారేసి, మిగిలిన ఒకటి రెండింటితో ముందుకు పోవాలి. విసుగు పుట్టించే పనే. అయినా నా అనుభవంలో, తరువాత వేసే ఏ రసాయనమూ తప్పు ఎంపికను సరిదిద్దలేదు.

రెండో మెట్టు తిండి. 1962లో మురాషిగే, స్కూగ్ పొగాకు కణాల కోసం తయారు చేసిన పోషక ద్రవాన్నే ప్రపంచమంతా టిష్యూ కల్చర్‌కు వాడుతోంది. రావులపాలెం చుట్టుపక్కల రైతులు నాటే టిష్యూ కల్చర్ అరటి పిలకలు కూడా చాలావరకు దాని మీదే పుట్టాయి. ఆ ద్రవంలో నత్రజని దండిగా ఉంటుంది. వేరు బాగా పెరుగుతుంది గాని, కడుపు నిండిన వేరుకు మందు తయారు చేయవలసిన అవసరం కనబడదు. దాళ్వాలో యూరియా ఎక్కువైన వరి ఏపుగా, నల్లగా పెరిగి గింజ దగ్గరికి వచ్చేసరికి పడిపోవడం చూసిన రైతుకు ఇది చెప్పనక్కర్లేదు.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ జపానుది. అక్కడ మురసాకి అనే మొక్క వేరులో షికోనిన్ అనే ఎర్రని రంగు ఉంటుంది, అది అటు మందూ, ఇటు రంగూ. మొక్క వేరు తవ్వడానికి చాలా ఏళ్లు పడుతుంది, పట్టినా వేరులో ఆ రంగు ఒకటి రెండు శాతమే. క్యోటో విశ్వవిద్యాలయంలో తబాతా బృందం చేసిన పరిశోధన మీద ఆధారపడి మిత్సుయి పెట్రోకెమికల్ సంస్థ 1983లో ఆ మొక్క కణాలను పెద్ద పాత్రలలో పెంచి షికోనిన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. మొక్క కణాలను పెంచి వ్యాపారానికి తెచ్చిన తొలి పదార్థం అదే. దానితో లిప్‌స్టిక్ కూడా వచ్చింది. వారి కిటుకు ఒక పాత్ర కాదు, రెండు పాత్రలు. మొదటి పాత్రలో కణాలకు కడుపునిండా తిండి పెట్టి పెంచారు. తరువాత వాటిని రెండో పాత్రలోకి మార్చారు. అందులో అమ్మోనియం రూపంలో నత్రజని అసలు లేదు, ఎందుకంటే అది ఉన్నంతసేపు ఆ కణాలు ఎర్రబడవు. పెరిగే రోజులు వేరు, పండే రోజులు వేరు. వారు పెంచింది వేళ్లను కాదు, విడి కణాలనే అయినా, వేళ్లతో పనిచేసే ప్రతివారూ ముందుగా చదవవలసింది ఇదే అని నేను విద్యార్థులకు చెబుతాను.

మూడో మెట్టు తాతయ్యది. ఫ్లాస్కులోని వేరుకు తల లేదు కనుక తుంచలేము, తుంచినట్టు నమ్మించాలి. అందుకు వాడే మిథైల్ జాస్మోనేట్‌ను 1962లో జాజిపూల నూనెలోంచి విడదీశారు, ఆ పేరు కూడా జాజినుంచే వచ్చింది. సాయంత్రం కడియం పూల మార్కెట్లో గుప్పుమనే వాసనలో దాని పాలు కూడా ఉందన్నమాట. కొద్దిగా ఆల్కహాల్‌లో కరిగించి, సన్నని వడపోత గుండా పంపి, ద్రవంలో 100 మైక్రోమోలార్ (చాలా పలుచని గాఢత) దగ్గరగా ఉండేలా వేస్తే, వేరు తనను ఎవరో కొరికారనుకుంటుంది. బూజు పట్టిందని నమ్మించాలంటే కైటోసాన్ ఉంది. బూజు గోడలో ఉండే పదార్థానికి దగ్గరి చుట్టం అది, దాన్ని రొయ్య పెంకుల నుంచి తీస్తారు. భీమవరం వైపు రొయ్యల షెడ్ల దగ్గర గుట్టలుగా పడి వాసన కొట్టే పెంకులే ఒక మూలన వేరును మందు చేయమని రెచ్చగొట్టే పదార్థం కావడం నాకు ఎప్పుడూ తమాషాగా ఉంటుంది. ఎర్రచిత్రమూలం వేళ్ల మీద ఈ రెండింటినీ కలిపి పరీక్షించి ప్లంబాజిన్ పెరిగిందని చూపినవారున్నారు. ఈస్టు సారం, సాలిసిలిక్ ఆమ్లం, వెండి నైట్రేట్ కూడా ఇదే కోవలోవి, వాటి గురించి విడిగా చెప్పేది పెద్దగా లేదు.

మోతాదు అందరూ అడుగుతారు, రోజు ఎవరూ అడగరు. నిజానికి అసలు మెలిక రోజులో ఉంది. తాతయ్య నారు నాటిన పదిహేనో రోజున తలలు తుంచలేదు; తుంచితే మొక్కే మిగిలేది కాదు. ఆకులు తగినన్ని వచ్చి, మొగ్గ కనిపించే దాకా ఆగారు. జాస్మోనేట్ వేరు ఎదుగుదలను ఆపుతుంది, అది దాని స్వభావం. లేతగా ఉన్నప్పుడు వేస్తే వేరు మందు చేయడం మొదలుపెడుతుంది గాని మందు చేయడానికి తగినంత వేరు ఉండదు. పెరగడం ఆగి, ద్రవంలో చక్కెర అయిపోయాక వేస్తే వేరు ముసలిదై స్పందించదు. ఈ రెండింటి మధ్య కొద్ది రోజుల వ్యవధి ఉంటుంది. అది ఒక్కో మొక్కకు, ఒక్కో వేరుకు, ఒక్కో ఫ్లాస్కు పరిమాణానికి కూడా మారుతుంది, అందుచేత పుస్తకం చూసి తెలుసుకునేది కాదు.

నాకు ఈ విషయం తెలిసొచ్చింది ఒక పొరపాటు వల్ల. ఒక తుపాను సమయంలో కళాశాలకు మూడు రోజులు సెలవు ఇచ్చారు. ఫ్లాస్కులను నిమిషానికి 90 చుట్ల వేగంతో తిప్పే షేకరు కరెంటు పోగానే ఆగిపోయింది, జనరేటరు దానికి కలపలేదు, కలపాలన్న ఆలోచన మాకు అంతకుముందు రాలేదు. నాలుగో రోజు పొద్దున తలుపు తీసిన మా ల్యాబ్ అటెండరు బాబాయి గారు ఫోను చేసి "మేడమ్ గారండీ, వేళ్లన్నీ టీ నీళ్లలా అయిపోయాయండీ. ఆయ్" అన్నారు. వెళ్లి చూస్తే, తెల్లగా ఉండవలసిన వేళ్లు గోధుమరంగుకు తిరిగాయి, ద్రవం చిక్కటి పసుపు. తిప్పకపోతే వేళ్ల కుచ్చు లోపలికి గాలి అందదు, లోపలున్నవి ఊపిరాడక చస్తాయి. పారబోసే ముందు అలవాటు చొప్పున ఆ ద్రవంలోంచి నాలుగు చుక్కలు పలకం మీద వేసి, ఒక చుక్క సున్నపు తేట కలిపాను. మా దగ్గర ఖరీదైన యంత్రం దాకా పోకముందు చేసే కంటి పరీక్ష అది. ఎన్నడూ లేనంత ముదురు ఎరుపు తేలింది. వేళ్లను ఆరబెట్టి, యంత్రం ఉన్న చోటికి పంపి కొలిపిస్తే, గ్రాము వేరుకు ప్లంబాజిన్ కూడా మామూలు ఫ్లాస్కుల కంటే ఎక్కువగానే ఉంది.

ఒక వారంపాటు, గాలి ఆపితే మందు పెరుగుతుందన్న గొప్ప విషయం కనిపెట్టానన్న సంబరంలో ఉన్నాను. వ్యాసం శీర్షిక కూడా మనసులో రాసుకున్నాను. తరువాత ఎండు బరువుల పట్టిక తీసి చూస్తే సంగతి బయటపడింది. చచ్చిన వేళ్లలోంచి చక్కెరలూ లవణాలూ ద్రవంలోకి కారిపోయి వేరు బరువే తగ్గింది, ప్లంబాజిన్ కొంత మిగిలింది, కనుక గ్రాముకు లెక్క పెరిగినట్టు కనిపించింది. సున్నపు తేటకు ద్రవం చుక్క అంతగా ఎర్రబడింది మందు కొత్తగా తయారైనందుకు కాదు, ఉన్నది బయటికి పొక్కినందుకు. మొత్తం ఫ్లాస్కు లెక్క కడితే మామూలు ఫ్లాస్కులకంటే తక్కువే.

అప్పటినుంచి ఎక్కడ "ఇన్ని రెట్లు పెంచాం" అన్న మాట చదివినా, దేనికి రెట్లు అని చూడడం అలవాటైంది. ఊహకు ఒక లెక్క చూడండి. ఒక లీటరు ద్రవంలో 25 రోజులకు 10 గ్రాముల ఎండు వేరు వచ్చి, గ్రాముకు 5 మిల్లీగ్రాముల మందు ఉందనుకుందాం. లీటరుకు 50 మిల్లీగ్రాములు. మొదటివారంలోనే జాస్మోనేట్ వేశారు, గ్రాముకు 10 మిల్లీగ్రాములైంది, కాని వేరు 4 గ్రాముల దగ్గరే ఆగిపోయింది. గ్రాము లెక్కన రెండింతలు, లీటరు లెక్కన 40 మిల్లీగ్రాములు, అంటే నష్టం. అదే వేరు బాగా పెరిగాక వేసి, 30 రోజులకు 9 గ్రాముల వేరూ గ్రాముకు 9 మిల్లీగ్రాములూ వస్తే, లీటరుకు 81. గ్రాము లెక్కలో ఇది రెండింతలు కాలేదు కనుక వ్యాసానికి అంత కళ రాదు. కాని లీటరుకు రోజుకు 2 మిల్లీగ్రాములున్నది 2.7కు చేరింది, పాత్రను నడిపేవాడికి కావలసింది ఆ అంకె. ధాన్యం బాగుందని చెప్పడానికి గింజ బరువు చూపించి, ఎకరానికి ఎన్ని బస్తాలో చెప్పని రైతును మనం నమ్మం గదా.

పొక్కడం సంగతి కూడా ఒకందుకు మేలే చేసింది. ప్లంబాజిన్ తయారు చేసిన వేరుకే విషం. లోపల పేరుకునే కొద్దీ వేరు తన తయారీని తానే తగ్గించుకుంటుంది. అందుకని ద్రవంలో ఎక్స్ఏడీ అనే రెజిన్ పూసలను వేస్తారు. సగ్గుబియ్యంలా ఉండే ఆ పూసలు బయటికి వచ్చిన మందును తమ మీదికి లాక్కుంటాయి. వేరు మీది భారం దిగుతుంది, అది మళ్లీ తయారు చేస్తుంది. పూసలను వడకట్టి ఆల్కహాల్‌తో కడిగితే మందు వస్తుంది, వేరు బతికే ఉంటుంది. తవ్వితే చచ్చే మొక్క దగ్గర మొదలుపెట్టిన మనం, పాడి ఆవులాంటి వేరు దగ్గరికి రావడం ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చిన అంశం.

అయితే వేరు అన్ని మందులూ చేయలేదు. బిళ్ళగన్నేరు సంగతి తీసుకుంటే, రక్త క్యాన్సర్లకు వాడే మందులు ఇచ్చే మొక్క కనుక దాని వేళ్లను ఇలా పెంచి విన్‌బ్లాస్టిన్ తీద్దామని చాలామంది ఉబలాటపడ్డారు. ఆ వేళ్లు అజ్మలిసిన్ చేస్తాయి, కాథరాంథిన్ చేస్తాయి. విన్‌బ్లాస్టిన్‌కు కావలసిన రెండో సగం విండోలిన్ మాత్రం చేయవు, ఎందుకంటే దాని తయారీలో ఒక మెట్టు పత్రహరితం ఉండే కణంలో తప్ప జరగదు. సగం వండిన కూర అన్నమాట. నేలవేము కూడా ఆకు మందే కనుక అక్కడ వేరు పెంపకం మీద నేను ఆశ పెట్టుకోను. పొగాకు, ఉమ్మెత్త, చిత్రమూలం, అశ్వగంధ వంటివాటిలో, వేరే స్వయంగా వంటగది అయిన చోట మాత్రమే ఈ శ్రమకు ఫలితం ఉంటుంది. విద్యార్థులు ప్రాజెక్టు కోసం మొక్క ఎంచుకునేటప్పుడు ముందు నేను అడిగే ప్రశ్న, మందు ఎక్కడ నిల్వ ఉంది అని కాదు, ఎక్కడ తయారవుతోంది అని.

ఫ్లాస్కు నుంచి పెద్ద పాత్రకు పోవడం మరో గండం. కణాలైతే ద్రవంలో తేలుతూ కలుస్తాయి. వేళ్లు ఒకదానికొకటి పెనవేసుకుని కొబ్బరి పీచు చుట్టలా గట్టిపడతాయి, తిప్పే రెక్కకు చుట్టుకుంటాయి, నడిమధ్య గాలి అందక నల్లబడతాయి. అందుకే రెక్కలు లేకుండా కిందినుంచి గాలి బుడగలు పంపే పాత్రలు, మంచులా ద్రవం చల్లే పాత్రలు వచ్చాయి. దక్షిణ కొరియాలో జిన్సెంగ్ వేళ్లను 10 వేల లీటర్ల పాత్రలలో పెంచి అమ్ముతున్నారు; అవి బ్యాక్టీరియాతో మార్చినవి కావు, హార్మోనుతో పుట్టించిన మామూలు వేళ్లు. జిన్సెంగ్‌కు ఉన్న ధర ఆ ఖర్చును మోస్తుంది. చిత్రమూలం వేరు ధర మోస్తుందా అంటే, ఈ రోజు లెక్కన మోయదనే నా అభిప్రాయం.

మా ఊరి కొబ్బరి రైతు ఒకాయన, నాకు వరసకు మావయ్య, ఇదంతా విని "అయితే మాకేంటమ్మా లాభం? ఈ వేళ్లు తెచ్చి బోదెల మీద నాటుకోవచ్చా?" అని అడిగారు. నాటకూడదు. ఆ వేళ్లలోంచి మళ్లీ మొక్కను పుట్టించవచ్చు గాని, దాని ఆకులు ముడతలు పడి, కణుపులు దగ్గరపడి గిడసబారి ఉంటుంది. పైగా అందులో బ్యాక్టీరియా జన్యువు ఉంది కనుక కేంద్ర జన్యు ఇంజనీరింగ్ మదింపు కమిటీ అనుమతి లేకుండా పొలంలోకి తేవడం చట్టరీత్యా కుదరదు. ఆయన కాస్త నిరాశపడ్డారు. దాచి చెప్పడం నాకు ఇష్టం లేక, ఇప్పటికిప్పుడు డెల్టా రైతుకు దీనివల్ల నేరుగా వచ్చేది ఏమీ లేదనే చెప్పాను. లాభపడేది అడవిలో తవ్వకం తప్పించుకునే మొక్క, ఆ తరువాత మందు నాణ్యత నికరంగా ఉండాలనుకునే తయారీదారు.

ఇప్పుడు షేకరు మీద పన్నెండు ఫ్లాస్కులు తిరుగుతున్నాయి, షేకరుకు జనరేటరు కలిపించాము. అన్నీ ఒకే వేరు సంతానం, అన్నీ ఒకే రోజు ఒకే బరువుతో మొదలైనవి. మూడింటికి పద్నాలుగో రోజున, మూడింటికి పద్దెనిమిదో రోజున, మూడింటికి ఇరవై రెండో రోజున జాజి చుక్క పడుతుంది. మిగిలిన మూడింటికి వట్టి ఆల్కహాల్ చుక్క. ఈ పొద్దుకు పదకొండు రోజులైంది. వేళ్లు తెల్లగా, ఫ్లాస్కు అడుగంతా పరుచుకుని, గోడ ఎక్కడం మొదలుపెట్టాయి. సున్నపు తేట చుక్కకు ద్రవం లేత గులాబీ రంగు చూపించింది, అంతకు మించి ఇంకా ఏమీ లేదు.